కిటికీలోంచి వేసిన తువ్వాల

ఆ రోజుల్లో ఆళ్లగడ్డ బస్టాండులో సీటు దక్కేది తలుపు దగ్గర కాదు, కిటికీ దగ్గర. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాల విసిరితే, అది పడిన చోటు మనది. (ఇప్పటికీ అంతే. బస్సు వెంట ఉరకడానికి నా మోకాళ్లే ఒప్పుకోవడం లేదు.)

డిగ్రీలో రాజనీతి శాస్త్రం పేపరు అప్పటికే ఒకసారి తప్పాను. “ఈ తూరి తప్పితే శనగ చేన్లోకి రా. పుస్తకాలు అటకెక్కిద్దాం” అన్నాడు నాయన. ఆ పొద్దున నంద్యాలకు పరీక్షకు పోతూ, సగమే వచ్చిన ‘రాజ్యం మూలాంశాలు’ పాఠాన్ని బస్సులో కూర్చుని మింగేద్దామనుకున్నాను. ఉన్నవి నాలుగు అంశాలు. జనాభా, భూభాగం నోటికి వచ్చాయి. మిగతా రెండూ ఎంతకీ నిలిచేవి కావు.

తువ్వాల విసిరి, తోసుకుంటూ లోపలికి పోయేసరికి నా సీట్లో ఒక అవ్వ కూర్చుని ఉంది. ఒళ్లో కోడిపెట్ట. కోడి మీద కప్పింది నా తువ్వాలే.

“అవ్వా, ఈ సీటు నాది. తువ్వాల ఏసినా.”

“నువ్వు తువ్వాల ఏస్తివి నాయనా, నేను మనిషినే ఏస్తి.”

బస్సంతా నవ్వింది. నాకు పౌరుషం పొడుచుకొచ్చి, పాఠమే ఎత్తుకున్నాను. “భూభాగం నాది. నువ్వు ఉత్త జనాభా!”

“ఎవురప్పా జనాభా? నాకుండేది ఒక్క కొడుకే!”

ఇంతలో కండక్టరు వచ్చాడు. ప్రభుత్వం వచ్చిందని ధైర్యపడ్డాను. ఆయన మా ఇద్దరినీ, కోడినీ చూసి, “చేతులెత్తండప్పా. అవ్వ కూసోవల్లనా, పిల్లోడా?” అన్నాడు. కడ్డీ పట్టుకుని వేలాడేవాళ్లు కూడా ఒక చెయ్యి వదిలి అవ్వకే ఎత్తారు. తటస్థంగా ఉన్నది కోడి ఒక్కటే.

శిరివెళ్ల దాటాక అవ్వకు జాలేసి జరిగింది. “ఈడ కూసో. కోడిని పట్టుకో, నాకు నిద్రొస్తాంది.” సీటు సగం, కోడి మొత్తం నా వాటాకు వచ్చాయి. పుస్తకం తీద్దామని ఒక చెయ్యి వదిలానో లేదో, కోడి ఎగిరి కండక్టరు భుజం మీద కూర్చుంది. “ఏయ్, దిగు! దిగమంటే!” అని ఆయన ఎంత అరిచినా వినలేదు. నంద్యాల వచ్చినా పుస్తకం తెరుచుకోలేదు. తువ్వాల అడుగుదామంటే అది తిరిగి తీసుకునే స్థితిలో లేదు.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. కళ్లు మూసుకుంటే బస్సే కనిపించింది. సీటు భూభాగం, చేతులెత్తినవాళ్లు జనాభా, కండక్టరు ప్రభుత్వం. నాలుగోది? ఎవరి ఆజ్ఞకూ తలవంచనిది... కోడి! క్లాసులో మేష్టారు గొంతు చించుకుని చెప్పిన ‘సార్వభౌమాధికారం’ రెక్కలు కొట్టుకుంటూ వచ్చి వాలింది. (పాసయ్యాను, అంచు మీద. శనగ చేను బతికిపోయింది.)

ఇప్పుడు విలేకరిగా సభలకు పోతే ముందు వరుసలో కుర్చీ అట్టిపెడతారు. వేదిక మీద పెద్దలెవరైనా సార్వభౌమాధికారం అనగానే చుట్టూ అందరూ గంభీరంగా తలలూపుతారు. నేను మాత్రం ఒళ్లోని కెమెరా సంచిని రెండు చేతులా గట్టిగా పట్టుకుంటాను, ఎగిరిపోతుందేమోనని.