చప్పుడు లేని మాట కోసం ఉయ్యూరు నుంచి బెజవాడ దాకా

ఈ బ్లాగులో ఇంతవరకు బీచ్‌లు, గుళ్లు, దారిలో తిన్న పునుగుల గురించే రాశాను. ఈసారి రాస్తున్నది ఒక ఎమ్మారై గదికి వెళ్లొచ్చిన ప్రయాణం. మా ఆయన సాంబశివరావుకు నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి చాలావరకు కుదుటపడింది, మాట మాత్రం పోయింది. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో ఇరవై ఆరేళ్లు పనిచేసిన మనిషి. నేను ఉయ్యూరులో టీచర్ని, ఎవరికైనా ఏదైనా నేర్పేయగలనన్న పొగరు కాస్త ఎక్కువే. రోజూ సాయంత్రం ఫ్యాను, టీవీ కట్టేసి, తలుపులు మూసి, ఆయన్ని అద్దం ముందు కూర్చోబెట్టి "అమ్మ అనండి, ఆవు అనండి" అంటూ ఒకటో తరగతి పాఠం మొదలుపెట్టేదాన్ని. ఆయన గోడవైపు తిరిగిపోయేవారు. అసలు నా మాట ఆయనకు అర్థమవుతోందా లేదా అన్న దిగులు నన్ను లోలోపల తినేస్తూ ఉండేది.

అందుకే స్పీచ్ థెరపిస్ట్ ఒక పరీక్ష గురించి చెప్పగానే ఒప్పుకున్నాను. శబ్దం లేకుండా కదిలే నోటిని చూసినప్పుడు, దాన్ని అనుకరించినప్పుడు మెదడులో ఏయే భాగాలు పనిచేస్తున్నాయో స్కానింగ్‌లో చూస్తారట. పరిశోధన కోసం చేస్తున్నది కాబట్టి ఫీజు లేదు.

ఉదయం ఏడుంబావుకు ఉయ్యూరు బస్టాండులో పల్లెవెలుగు ఎక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే నాకు సున్నా టికెట్టు, ఆయనకు యాభై రూపాయల లోపే. కంకిపాడు దాకా హాయిగా సాగింది, పోరంకి దగ్గర ట్రాఫిక్ మొదలైంది. ఇన్నేళ్లూ రోజూ దిగిన ఆటోనగర్ స్టాపులో బస్సు ఆగినప్పుడు ఆయన కిటికీ నుంచి మొహం తిప్పుకున్నారు. నేను చూడనట్టే ఉన్నాను. బెంజి సర్కిల్లో దిగి ఆటో అడిగితే డ్రైవరు నూటయాభై అన్నాడు.

"మేమేం బెజవాడకి కొత్తవాళ్లం కాదు బాబూ, ఎనభై ఇస్తా" అన్నాను.

అతను మా ఆయన చేతికర్ర వంక చూసి, "సర్లెండి, ఎక్కండి. సార్‌ని నిదానంగా ఎక్కించండి, తొందరేం లేదు" అన్నాడు.

తొమ్మిదికల్లా ఆస్పత్రిలో ఉన్నాం. ఒంటిమీద లోహం ఉండకూడదని ముందే చెప్పారు కదా, ఉంగరం, వెండి మొలతాడు ఇంట్లోనే తీయించి వచ్చానని గొప్పగా చెప్పాను. టెక్నీషియన్ అమ్మాయి నవ్వి, "సార్ ఏం పని చేసేవారండీ?" అంది.

"లారీ బాడీలు కట్టేవారు. వెల్డింగూ గ్రైండింగూ అన్నీ ఆయనే."

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టేసింది. "అయ్యో, అది ఫారంలో రాయలేదేంటి మేడమ్? కంట్లో ఇనప రజను ఉండిపోయుంటే మెషీన్లో అయస్కాంతం లాగేస్తుంది, చూపుకే ప్రమాదం. ముందు కళ్లకి ఎక్స్‌రే తియ్యాలి."

పిల్లలు ప్రశ్న సరిగ్గా చదవలేదని ఎర్ర సిరాతో గీతలు గీసే మనిషిని, ఆ ఒక్క గడి వదిలేశాను. గంటన్నర సేపు బెంచీ మీద ఆ ఫారమే మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చున్నాను. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నాక మంచినీళ్లు తాగాను.

ఆయన్ని లోపల పడుకోబెట్టారు. కళ్లపైన అద్దంలో తెర కనిపిస్తుంది. నోరు కదులుతోందో లేదో తెలియడానికి చిన్న కెమెరా కూడా ఉంది. నన్ను అద్దాల గోడకు ఇవతల కుర్చీలో కూర్చోబెట్టారు, ఆ తెరా, కెమెరాలో ఆయన నోరూ అక్కడి మానిటర్లో కనిపిస్తున్నాయి. మొదట ఊరికే చూడాలి, పెదవి కదపకూడదు. తర్వాత చెప్పినప్పుడు మాత్రం తెర మీది నోటిలాగే చెయ్యాలి. మెషీను మొదలైంది. రేకుల మీద సుత్తులు పడుతున్నట్టు ఒకటే దడదడ, ఇవతలికి కూడా వినపడుతోంది. తెర మీద ఎవరో ఒకావిడ నోరు, మిగతా మొహం లేదు. తెరుచుకుంటుంది, గుండ్రంగా అవుతుంది, మూసుకుంటుంది.

ఊరికే చూడాల్సినప్పుడే మా ఆయన పెదవులు కదిలాయి. ఆపి, మైకులో మళ్లీ చెప్పారు. మళ్లీ కదిలాయి.

"సార్‌కి మనం చెప్పేది అర్థం కావట్లేదనుకుంటానండీ" అంది టెక్నీషియన్. "ఇంకొక్కసారి చూసి ఆపేద్దాం."

నాలుగు నెలలుగా నేను నాకే చెప్పుకోకుండా దాచుకున్న మాట అదే. మూడోసారి మెషీను మోగుతుంటే తెర వంక చూడలేదు, ఆయన నోటినే చూశాను. తెర మీది నోరు ఒకలా కదులుతోంది, ఆయన నోరు ఇంకోలా కదులుతోంది.

వాళ్ల షెడ్డులో ఒక పద్ధతి ఉంది. సుత్తుల మోతలో, గ్రైండర్ల రొదలో ఎవరూ అరవరు. అరిస్తే సాయంత్రానికి గొంతు ఉండదు. ఇరవై అడుగుల దూరం నుంచి పెదవులతోనే మాట్లాడుకుంటారు. ఎదుటివాడు పెదవి కదిపితే వెంటనే జవాబివ్వాలి, లేకపోతే చూడలేదనుకుని పనే ఆపేస్తాడు. పెళ్లయిన కొత్తలో వంటింటి గుమ్మంలో నిలబడి ఈయన అలాగే మాట్లాడేవారు. "గొంతు పెట్టి చెప్పండి, నేనేమన్నా మీ షెడ్డు మనిషినా?" అని పోట్లాడేదాన్ని. పోట్లాడుతూనే ఆ చదువు నాకూ వచ్చేసింది.

"ఆయన జవాబిస్తున్నారండీ!" అని కుర్చీలోంచి లేచిపోయాను.

"ఏమనండీ?"

"అర్థం కాలేదు, మళ్లీ చెప్పు అంటున్నారు. మీ తెర మీదావిడతో."

ఆ అమ్మాయి మైకు నా చేతికిచ్చింది. "ఏవండీ, అది షెడ్డు కాదు. ఆవిడ మిమ్మల్ని ఏమీ అడగట్లేదు, ఊరికే చూడండి" అన్నాను. కెమెరాలో ఆయన పెదవులు తాపీగా కదిలాయి: "ముందే చెప్పొచ్చుగా." నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు. ఆ తర్వాత చూడమన్నప్పుడు చూశారు, చెయ్యమన్నప్పుడు చేశారు.

డాక్టరుగారు పొదుపుగా మాట్లాడే మనిషి. "పూర్తి ఫలితం రావడానికి టైము పడుతుందండీ. నోటి కదలికని చూసేటప్పుడూ, అదే మనం చేసేటప్పుడూ మెదడులో కొన్ని భాగాలు రెండింటికీ పనిచేస్తాయి. ఈయన చూస్తున్నారు, అర్థం చేసుకుంటున్నారు, పెదవి కదుపుతున్నారు. గొంతు ఎప్పుడు కలుస్తుందో ఇప్పుడే చెప్పలేను. ఇంట్లో మరీ నిశ్శబ్దంగా కూర్చోబెట్టకండి, ఆయనకి అలవాటైన చప్పుడులో ప్రయత్నించి చూడండి." ఆ మాత్రం చాలు నాకు.

రెండింటికి దగ్గర్లోని మెస్‌లో నూట ఇరవైకి భోజనం చేశాం. గోంగూర పచ్చడి మారు వడ్డించమని ఆయనే వేలు చూపించారు. తిరుగు బస్సు ఆటోనగర్ దగ్గరికి రాగానే నా చెయ్యి పట్టి దింపి, షెడ్డు దాకా తీసుకెళ్లారు. షెడ్డులో మోత మామూలుగానే ఉంది. ఆయనతో పాటు ఇన్నేళ్లూ పనిచేసిన కోటయ్యగారు ఆ చివర నుంచి చూసి, సుత్తి దించకుండానే పెదవి కదిపారు: "ఎప్పుడొస్తావ్?" మా ఆయన గుమ్మంలోంచే బదులిచ్చారు: "మీ చెల్లెల్నడుగు." కోటయ్యగారు నా వైపు తిరిగి, నోరు తెరిచి నవ్వారు.

ఇలాంటి పరీక్షకు వెళ్లేవాళ్లకు ఒక్కటే చెబుతాను: మీ మనిషి ఎప్పుడైనా ఇనుము కోసే పని చేసుంటే, మానేసి ఎన్నేళ్లయినా సరే, ఆ సంగతి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి. మాట రావాలంటే ఇల్లు బడిలా ఉండాలనుకున్నాను, తప్పు నాదే. ఇప్పుడు సాయంత్రం కాగానే ఫ్యాను ఐదులో పెట్టి, ఖాళీ మిక్సీ తిప్పి, ఎదురెదురుగా కూర్చుని పెదవులతో కబుర్లు చెప్పుకుంటున్నాం. పక్కింటావిడకు మా మీద అనుమానం వచ్చింది కూడా. మొన్న మిక్సీ వేడెక్కి కాలిన వాసన వస్తున్నా నేను పట్టించుకోలేదు. ఆయన పెదవులు కదిలాయి, వాటి వెనక బొంగురుగా, సన్నగా ఒక గొంతు వినపడింది: "ఆపు." పెళ్లయ్యాక ఆయన చెప్పింది ఎదురు మాట్లాడకుండా చెయ్యడం బహుశా అదే మొదటిసారి.