వేళ్లు కంటికి తగలనివ్వని పిల్ల

షారోన్‌కి కన్ను దురద పెట్టినా వేళ్లు తగలనివ్వదు. తల వంచి భుజానికేసి రుద్దుకుంటుంది. చిన్నప్పట్నుంచీ సెలవులన్నీ అమ్మ పక్కన కూర్చుని ఎండు మిరపకాయల తొడిమలు తీసిన పిల్ల మరి, ఆ చేతులు కంటికి తగిలితే ఇంక చెప్పేదేముంది! గుంటూరులో మెడికల్ కాలేజీ లైబ్రరీకి ఇంటర్న్‌షిప్‌కొచ్చి పొద్దస్తమానం పుస్తకాలే సర్దుతున్నా ఆ అలవాటు పోలేదు. "ఇక్కడ కారం ఎక్కడుందే పిచ్చిపిల్లా!" అని లైబ్రేరియన్ హెలెన్ మేడమ్ నవ్వుతుంది.

ఆ మధ్యాహ్నం పక్కనున్న ఆసుపత్రిలోంచి ఒక పెద్దాయన వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచాడు. "మా ఆడమనిషికి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయంటమ్మా. మందు లేదు, ఇంటికి తీసుకుపొమ్మంటున్నారు. ఇన్ని పుస్తకాలున్నాయి గదా, ఒక్కదాంట్లోనన్నా ఉండదా? కాస్త చూసిపెట్టు తల్లీ." బయటివాళ్లని రానివ్వకూడదు. అయినా షారోన్ కుర్చీ వేసింది. ఏ అల్మరాకి వెళ్లాలో వెతుక్కోనక్కర్లేదు. కిందటి వేసవిలో అమ్మ అదే జబ్బుతో పోయింది. ఇక్కడ చేరిన కొత్తలోనే, పోయిన అమ్మకి మందు ఉండుంటుందేమోనని ఆ అల్మరా మొత్తం చదివేసింది. ఇప్పుడు మళ్లీ మొదటి పుస్తకం తెరిచింది. అక్షరాలు అలుక్కుపోయాయి. తల వంచి కళ్లు భుజానికేసి రుద్దుకుంది. పెద్దాయన అది చూసి, "మీదీ మిరప పనేనా అమ్మా?" అన్నాడు. అని, తనూ తల భుజం మీదకి వంచాడు. షారోన్ లేచి, అందులోనూ లేదని తెలిసే, రెండో పుస్తకం దించింది.