అడవి వంకాయ మీద టమాట

హన్మకొండలో చదువుకునే రోజుల్లో నేను అద్దెకున్న ఇంటి యజమాని దవాఖానలో కంపౌండరుగా చేసి రిటైరైనవాడు. పెరట్లో టమాట మొక్కలు ఏటా వేరు కుళ్లి వాడిపోతున్నాయని, అడవి వంకాయ మొక్క కాండాన్ని కోసి దాని మీద టమాట కొమ్మను అంటుకట్టేవాడు. షేవింగు బ్లేడుతో కోసి, రెండింటినీ కలిపి దారం చుట్టేదాకా ఊపిరి బిగబట్టేవాడు. నన్ను మాట్లాడనిచ్చేవాడు కాదు. భార్యనైతే ఆ మడి దగ్గరికే రానిచ్చేవాడు కాదు.

1980ల మొదట్లో పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. నారు ఎదిగే వేళకు బ్లేడు తెచ్చి భార్య ముందు పెట్టాడు.

“నాతోని గాదు. మొక్క సచ్చిపోతది,” అందామె.

“సస్తే సావనియ్. నా చేతుల సచ్చినయి గూడ శానా ఉన్నయి. నీకు జెప్పలే, గంతే,” అన్నాడాయన.

ఆమె ఆరు అంట్లు కట్టింది. అయిదు వాడిపోయాయి. ఆరోది చిగురేసిన పొద్దున ఆయన నా తలుపు తట్టి, ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాడు.

“మా ఆమె కట్టింది,” అన్నాడు.

నేనున్న మూడేళ్లలో ఆయన ఆమెను మెచ్చుకోవడం అదే మొదటిసారి విన్నాను. నల్లా దగ్గరున్న ఆమె తలెత్తలేదు. తోమిన గిన్నెనే మళ్లీ మళ్లీ తోముతూ కూర్చుంది.