బాయిలర్ మీద సాంచా బరువు

మా బామ్మర్ది కొమురెల్లి గురించి రాయాలంటే ముందు నా గురించి రెండు మాటలు చెప్పాలి. వాడికి పని నేర్పింది నేను. రుద్రంగి బడిలో అయిదో తరగతి దాకానే చదివాను. అయినా నేత సంఘానికి రెండుసార్లు అధ్యక్షుణ్ణయ్యాను. మా గల్లీకి నల్లా తెప్పించింది నేను, దీపాలు పెట్టించింది నేను. సిరిసిల్లలో చేతిమగ్గాలు పోయి కరెంటు మగ్గాలు, మా మాటలో సాంచాలు, వచ్చినప్పుడు, వాటి చప్పుడుకే జడుసుకున్న నేతగాళ్లను చెయ్యి పట్టి వాటి ముందు నిలబెట్టింది కూడా నేనే. వాళ్లందరిలో కొమురెల్లి చెయ్యి వేరు.

సాంచా వెనక పడుగు నూలు చుట్టిన బీము ఉంటుంది. పడుగు వదులైతే బట్ట సంచిలా వస్తుంది. మరీ బిగిస్తే పోగులు పటపటా తెగుతాయి. అందుకని అడ్డంగా ఉన్న ఇనుప కడ్డీకి కొక్కెంతో బరువు తగిలిస్తాం. వదులైతే బరువు వేయి, బిగుసుకుంటే తియ్యి, అంతే విద్య. చెప్పడానికి సులువు గాని చేతికి రావడానికి ఏళ్లు పడతాయి. కొమురెల్లి పడుగును వేలితో మీటి, ఏ బరువు ఎక్కడ వేయాలో చెప్పేవాడు. తంగళ్లపల్లి నుంచి కూడా మనుషులొచ్చి పిలుచుకుపోయేవారు. వాడెవరి దగ్గర నేర్చాడని అడిగితే నా పేరు చెప్పేవారు. నాకు కప్పిన శాలువాలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

మోకాళ్లు పట్టేసి సాంచాల నడుమ నిలబడలేకపోయాక, వాడు మధు సేటు సైజింగులో బాయిలర్ చూసే పనికి కుదిరాడు. సైజింగంటే పడుగు నూలుకు గంజి పట్టించి, ఆవిరితో కాగే డ్రమ్ముల మీద ఆరబెట్టే చోటు. కూతురు శ్రీవాణి కూడా అక్కడే తెగిన పోగులు అతికేది. తండ్రి వేళ్లే వచ్చాయి ఆ పిల్లకు. చూస్తుండగానే ముడి పడేది, ముడి ఎక్కడుందో కనబడేది కాదు.

మొన్నటి వానాకాలం చీరల ఆర్డరు మీద ఊరంతా ఉరుకులు పరుగులు. బీములు తొందరగా కావాలని సాంచాల వాళ్లు సైజింగు ముందే కూర్చునేవారు. ఆ బాయిలర్ మీద పాతకాలపు సేఫ్టీ వాల్వు ఉంది. దానికీ అడ్డంగా ఒక కడ్డీ, కడ్డీ కొసకు ఒక బరువు. లోపల ఆవిరి హద్దు దాటితే కడ్డీ లేచి, బుస్సుమని బయటికి ఊదేస్తుంది. నిప్పు ఎక్కువేసినప్పుడల్లా అది ఊదడం, డ్రమ్ములు చల్లబడడం, సేటు విసుక్కోవడం.

"ఏం కొమురెల్లన్నా, కట్టెలన్నీ గాలిల కలుపుతున్నవా?" అన్నాడట మధు.

మా వాడు పైకి చూశాడు. వాడి కంటికి కనబడ్డది బాయిలర్ కాదు, సాంచా. కడ్డీ లేస్తోందంటే బరువు చాలడం లేదన్నమాట. ఇంటి నుంచి పాత సాంచా బరువొకటి తెచ్చి, నిచ్చెనెక్కి ఆ కడ్డీకి తగిలించాడు. వాల్వు నోరు మూసుకుంది. డ్రమ్ములు భగ్గున కాగాయి. సేటు వీపు తట్టాడు. పక్క సైజింగుల వాళ్లొచ్చి చూసి వెళ్లారు.

ఒక మధ్యాహ్నం డ్రమ్ముకు పోయే ఆవిరి గొట్టం అతుకు దగ్గర పగిలింది. శ్రీవాణి కుడిచెయ్యి మోచేతి దాకా ఉడికిపోయింది. కొమురెల్లి పొయ్యిలో నిప్పు లాగేశాడు. ఆ తరవాత నిచ్చెనెక్కి బరువు తీశాడు. తీసినవాడు దాన్ని పట్టుకుని దిగి, గంజి బస్తాల వెనక పెట్టాడు. అప్పటికి పిల్లను ఆడవాళ్లే ఆటో ఎక్కించారు.

ఇదంతా నాకు తరవాత తెలిసింది. ముందు తెలిసిందల్లా సేటు మాటే: కోరుట్ల నుంచి వచ్చే ఫిట్టరు ఫహీమ్ వాల్వు సరిగ్గా బిగించలేదని. ఫహీమ్ తండ్రి కమాలుద్దీన్ కాలం నుంచి మా సిరిసిల్ల బాయిలర్లకు వాళ్లే దిక్కు. ఈ మాట నిజమైతే రేపటి నుంచి అతణ్ని గడప తొక్కనిచ్చేవారు ఉండరు.

పెద్దమనిషిగా నన్ను పిలిచారు. సైజింగు ముందర కుర్చీలు వేశారు.

"నేను సరిజేసి సీలు కొట్టి పోయిన కాకా. అల్లా కసం," అన్నాడు ఫహీమ్.

"కసమెందుకు తమ్మీ? నువ్వు మంచిగ జేస్తె వాల్వు ఎందుకు ఊదలే?" అన్నాడు మధు. "పొయ్యి కాడ ఉన్నది కొమురెల్లన్న. ఆయన చేతిల తప్పు జరుగుతదా?"

"జరగదు," అన్నాను నేను. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. కొమురెల్లి పనితనం, తంగళ్లపల్లి ఆసాములు, నా శిక్షణ, నా సంఘం, అన్నీ చెప్పాను. చెప్పి, "నేర్పినోన్ని నేను. మావోని మీద ఏలు వెట్టాలంటె ముందు నన్ను అడగాలె," అన్నాను.

ఫహీమ్ నాతో వాదించలేదు. "ఒక్కసారి నిచ్చెన ఎక్కి చూడు కాకా. సాంచాలు తెల్సినోనివి, నీకే తెలుస్తది," అన్నాడు.

ఎక్కాను. కడ్డీ అంతా మసి. కొస దగ్గర, వాల్వు సొంత బరువు పక్కన మాత్రం తళతళలాడే సన్నని గాడి. కొక్కెం ఊగి ఊగి ఇనుమును అరగదీస్తే పడే గాడి. అలాంటివి నా జన్మలో ఎన్ని వేల కడ్డీల మీద చూశానో. కిందికి చూస్తే కొమురెల్లి తల వంచుకుని ఉన్నాడు. పైన ఉండలేను, దిగి ఆ మనుషుల మొహాలు చూడలేను.

"ఏమున్నది పెద్దన్నా?" అని అరిచాడు మధు.

నేను ఆ గాడి మీద వేలు పెట్టి చూశాను. కొమురెల్లే లేచాడు. బస్తాల వెనక్కి పోయి, బరువు తెచ్చి ఫహీమ్ కాళ్ల దగ్గర పెట్టాడు.

"నేనే తగిలిచ్చిన. నీ సీలు మంచిగనే ఉండె. చెప్పకుంట దాసిన," అన్నాడు.

మధు నేల చూశాడు. ఫహీమ్ ఆ బరువును చేత్తో ఎత్తి చూసి అన్నాడు: "అతుకు పగిలింది గాబట్టి బతికిన్రు కాకా. బాయిలరే పేలితె ఈ షెడ్డు లేదు, ఎనుకున్న ఇండ్లు లేవు. అది ఊదుతున్నదంటె ఆవిరి దండుగ అయితలేదు, మీ పానం కాపాడుతున్నది. నిప్పు తగ్గియ్యాలె గని నోరు మూస్తరా?" తరవాత మధు వైపు తిరిగాడు. "సర్టిఫికెట్ ఉన్న మనిషిని పెట్టు సేటు. తాళమేసే కొత్త వాల్వు పెట్టు. అప్పటిదాక నిప్పు ముట్టియ్యకు."

మధు తల ఊపాడు. నేను నిచ్చెన దిగి ఫహీమ్ ముందు నిలబడ్డాను. సంఘం సభల్లో గంటలు గంటలు మాట్లాడినవాణ్ని, "తప్పైంది బిడ్డా" అనే రెండు ముక్కలకు చెమట పట్టింది.

సాయంత్రం నేనూ కొమురెల్లీ ఆసుపత్రికి వెళ్లాం. మాకన్నా ముందే మాట చేరింది. శ్రీవాణి చెయ్యి దిండు మీద పెట్టి ఉంది, వేళ్లు కూడా కట్టులోనే.

"నేను మొత్తుకుంటుంటె నిచ్చెన ఎక్కినవ్," అంది తండ్రితో. "బాయిలర్ పేలకుంట చూస్తున్నవనుకున్న బాపూ. మా బాపు అందర్ని కాపాడుతుండు అనుకుంట ఆటోల పోయిన."

కొమురెల్లి మంచం పట్టె పట్టుకుని కింద కూర్చున్నాడు. ఆ పిల్ల నావైపు చూడలేదు. చూస్తే ఏం చెప్పేవాణ్నో నాకూ తెలియదు.

తండ్రినే అడిగింది. "నిన్ను జూసి ఇంకెవ్వలన్న తగిలిచ్చిన్రా?"

వాడు తలెత్తాడు. "మహిపాల్ చూసి పోయిండు. ఇంకా ఉన్నరు."

"మరి ఈడ కూసుంటె ఎట్ల?"

మహిపాల్ సైజింగు బైపాసు పక్కన ఉంటుంది. మేం పోయేసరికి బాయిలర్ ఉడుకుతోంది. వాల్వు కడ్డీకి ఒకటి కాదు, జంట బరువులు. మహిపాల్ నవ్వుతూ ఎదురొచ్చాడు.

"రా మామా! నీ బరువు ఇకమతు మస్తు పనిజేస్తుంది. నీకంటె ఒకటి ఎక్కువనే ఏసిన!"

"నిప్పు లాగు," అన్నాడు కొమురెల్లి.

"ఆర్డరున్నది మామా! నీ బాయిలర్ బందైతె మాది గూడ బందు జేయాల్నా? నీకు చాతగాలే, మాకైతది."

అందరూ వింటుండగా కొమురెల్లి చెప్పాడు, బిడ్డ చెయ్యి సంగతి, బస్తాల వెనక దాచిన సంగతి, ఫహీమ్ మీద నింద పడుతుంటే నోరు మూసుకున్న సంగతి. ఒక్కటీ మిగల్చలేదు. వాడు చెబుతుంటే గంజి కలిపే ఆడవాళ్లు పని ఆపి చూశారు. నేను గేటు దగ్గరే నిలబడి ఉన్నాను. అక్కడి వాళ్లలో సగం మంది నాకు దండం పెట్టేవాళ్లు.

మహిపాల్ ఇంకా కదల్లేదు. "సాంచాకు పనికచ్చే బరువు దీనికెందుకు పనికిరాదు మామా? మనకు తెల్వనిదా?"

కొమురెల్లి గేటు వైపు తిరిగి నన్ను చూశాడు. నేను లోపలికి పోయాను.

"తెల్వదు మహిపాల్," అన్నాను. "గీ బరువుల పని వీనికి నేర్పింది నేను. బాయిలర్ సంగతి నాకు గూడ తెల్వది. నిప్పు లాగు."

మహిపాల్ నన్నూ, వాణ్నీ మార్చి మార్చి చూసి, పొయ్యి దగ్గరికి నడిచాడు.