యువాన్ ఎడమకాలు

బజారంతా అతణ్ణి భూతద్దం అనే పిలిచేది. మెట్ల కింద గూడులాంటి కొట్టు. బల్లకి బిగించిన భూతద్దం వెనక కూర్చుని ముప్పై ఎనిమిదేళ్లుగా రబ్బరు స్టాంపులు చెక్కుతున్నాడు. స్టాంపు మీద అక్షరం తిరగేసి చెక్కాలి కాబట్టి తిరగేసిన రాతే అతనికి సొంత రాత. పెళ్లికి ముందు భార్యకి రాసిన ఒకే ఒక్క ఉత్తరం కూడా అలాగే రాశాడు. "గంటసేపు అద్దం ముందు నిలబడి చదువుకున్నా. పిల్ల ముస్తాబవుతోందని మా అమ్మ మురిసిపోయింది" అని ఆవిడ ఇప్పటికీ నవ్విస్తుంది.

తర్వాత మిషన్లొచ్చాయి. పది నిమిషాల్లో స్టాంపు చేతిలో పెడితే ముసలాడి కోసం రెండు రోజులు ఎవడాగుతాడు? కొట్టు మూసేద్దామా అనుకుంటుండగా అతణ్ణి మళ్లీ నిలబెట్టింది చైనా డబ్బు.

వీధి చివర నువ్వుల కంపెనీ ఉంది. అక్కడి నువ్వులన్నీ చైనాకే వెళ్తాయి. మొదట్నుంచీ బిల్లులు డాలర్లలోనే రాసేవారు. ఒక ఏడాది కొనేవాళ్లు అడ్డం తిరిగారు. మీకూ మాకూ మధ్య ఆ డాలరెందుకు, మా యువాన్‌లోనే రాయండి, అంకె పక్కన మా అక్షరం ఉండాలి అన్నారు. బిల్లులు రాసే అమ్మాయి ఆ అక్షరం పట్టుకుని మిషను షాపుకెళ్తే, ఆ లిపి తెలియని మిషను అక్షరం బదులు ఖాళీ డబ్బా గుర్తు కొట్టిచ్చింది. అమ్మాయి ఏడుపు మొహంతో మెట్ల కిందికొచ్చింది.

"బాబాయ్, ఇది చెక్కగలవా?"

"ఏంటమ్మా ఇది? స్టూలా?"

"యువాన్ బాబాయ్. వాళ్ల డబ్బు."

పైన రెండు అడ్డగీతలు, కింద రెండు కాళ్లు. "డబ్బుకి కాళ్లుంటాయని విన్నాను గానీ, కళ్లారా చూడ్డం ఇదే" అన్నాడు భూతద్దం.

చెక్కాడు. అది చూసి బోల్టుల కంపెనీ వచ్చింది, కలప కంపెనీ వచ్చింది. అందరి బిల్లులూ యువాన్‌లోకి మారుతున్నాయి, అందరికీ ఆ కాళ్ల అక్షరం కావాలి. "కన్నకొడుకు కూడా మనల్నింత బాగా చూసుకోడు" అని భార్య ఆ అక్షరానికి దణ్ణం పెట్టినంత పని చేసింది.

అతను ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. కుడికంట్లో పొర. ఏడాదిగా భూతద్దంలోంచి చూసినా గీతల అంచులు అలుక్కుపోయినట్టుంటున్నాయి. డాక్టరు ఆపరేషన్ అన్నాడు. ఆపరేషన్ మాట బజారుకెక్కితే కళ్లు లేనివాడి చేతికి అక్షరం ఎవరిస్తారు? భార్యకి కూడా చెప్పకుండా నెట్టుకొస్తున్నాడు.

ఆ రోజుల్లోనే నువ్వుల కంపెనీకి పెసరగింజంత చిన్న స్టాంపు కావాల్సొచ్చింది. అమ్మాయే సన్నటి పెన్నుతో అక్షరం గీసి తెచ్చింది. ఆ కాగితాన్ని రబ్బరు మీద బోర్లా అంటించి, సిరా రబ్బరుకి పట్టాక తడిపి నలిపి తీసేస్తాడు. అంటే కాగితం మిగలదు. తర్వాత అక్షరం చుట్టూ ఉన్న రబ్బరు చెక్కిపారేయాలి. అక్కడ, రెండు అడ్డగీతల మధ్య, వెంట్రుకవాసి రబ్బరు తీయకుండా వదిలేశాడు. కింది గీత దగ్గర ఆగాల్సిన ఎడమకాలు పైగీత దాకా పాకింది.

మూడు నెలలు ఆ స్టాంపు ప్రతి బిల్లు మీదా పడింది. నువ్వుల ధర బాగున్నంత కాలం ఎవరూ కిక్కురుమనలేదు. ధర పడిపోగానే అవతలివాళ్లకి వంక దొరికింది. ఎడమకాలు పైకి తగిలితే అది యువాన్ కాదట, 'లేదు' అని అర్థమట. ఇన్ని లక్షల 'లేదు' అని రాసి పంపారు, మేమేం ఇవ్వాలి అంటూ వాళ్ల బ్యాంకు కాగితాలు వెనక్కి పంపింది. ఈ తగువు తెమిలేలోగా రేవు షెడ్డులో నువ్వులకి తేమ తగిలి బూజు పట్టింది. సరుకంతా పశువుల దాణా కింద పోయింది.

నువ్వుల కంపెనీ యజమాని, బిల్లులు రాసే అమ్మాయిని వెంటబెట్టుకుని కొట్టుకొచ్చాడు. మనిషి అరవలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"ఏమయ్యా, ఈ తప్పు నీ చేతిదా, ఈవిడ కాగితందా? ఎవరిదైతే వాళ్లు ఇవాళ్టితో ఆఖరు."

అమ్మాయి భూతద్దం వైపే చూసింది. "నేను గీసిందాంట్లో కాలు కింది గీత దగ్గరే ఆగింది బాబాయ్. నువ్వు చూశావుగా, చెప్పు."

భూతద్దం బల్ల మీది రబ్బరు పొట్టు అరచేత్తో పక్కకి తోశాడు. తర్వాత అన్నాడు, "కాగితం ఎలా ఉంటే అలా చెక్కాను సార్."

అమ్మాయి భుజం మీది సంచీ సర్దుకుని వీధిలోకి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. ఆ సంగతి భూతద్దానికి తెలుసు.

యజమాని ఈసారి బ్యాంకువాళ్ల చేతే అక్షరం ప్రింటు తీయించి రెండు కాపీలు పంపాడు. ఒకటి రబ్బరుకి, ఒకటి సరిచూసుకోడానికి. భూతద్దం రెండు రోజులు చెక్కాడు. స్టాంపు ఇంటికి తెచ్చి, సిరాలో అద్ది కాగితం మీద కొట్టి, కంటికి దగ్గరగా పెట్టి, దూరంగా పెట్టి, చివరికి వంటింటివైపు కేకేశాడు.

"ఏమేవ్, ఇటు రా. ఈ ఎడమకాలు పైగీతకి తగిలిందేమో చూడు."

ఆవిడ కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నువ్వు చూడలేవా?"

"తగిలిందా లేదా చెప్పవే!"

"తగిలింది."

ప్రింటు కాపీ చేతికిచ్చాడు. "ఇందులో?"

"ఇందులో తగల్లేదు." ఆవిడ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "ఆ పిల్ల గీసిన కాగితంలోనో?"

అతను స్టాంపుకంటిన సిరా గుడ్డతో తుడిచాడు.

"నిన్నే."

"కంట్లో పొరొచ్చిందే. ఏడాదైంది."

"నేనడిగింది కంటి సంగతి కాదు."

గంట తిరక్కుండా ఇద్దరూ కంపెనీలో ఉన్నారు. యజమాని గుమ్మంలోనే నిలబెట్టి విన్నాడు. "నువ్విప్పుడు చెప్తే నా నువ్వులు బాగుపడతాయా? కొత్తమ్మాయి తక్కువ జీతానికే చేరింది. ఆమెను తీయను" అన్నాడు. ప్రింటు కాపీ వెనక్కి తీసుకున్నాడు. ఇక రావద్దని వేరే చెప్పనక్కర్లేకపోయింది.

అక్కణ్ణుంచి అమ్మాయి ఇంటికెళ్లారు. ఒంటి గది వాటా. తలుపు సగమే తెరిచి అంతా వింది. మూడు చోట్ల పని అడిగిందట. మూడు చోట్లా ఒకటే ప్రశ్న, అక్కడ ఎందుకు తీసేశారని.

"నోటితో చెప్తే నాకేం ఉపయోగం? రాసివ్వండి" అంది.

ఇన్నాళ్లూ 'నువ్వు' అన్న పిల్ల 'ఇవ్వండి' అనడం అతనికి గుచ్చుకుంది. కాగితం, పెన్నూ అమ్మాయే తెచ్చింది. మెట్టు మీద కూర్చుని, మోకాలి మీద పెట్టుకుని రాశాడు. లైన్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. ఆమె పక్కన నిలబడి చదువుతోంది.

"నా కాగితంలో తప్పు లేదని రాయండి."

రాశాడు.

"మీ కన్ను సంగతి కూడా."

పెన్ను ఆగింది. "అదెందుకమ్మా?"

"కారణం లేకపోతే ఎవరు నమ్ముతారు? రేపు పొద్దున్నే ఇది పట్టుకుని బోల్టుల కంపెనీకెళ్తున్నా."

అతనికి మిగిలిన పెద్ద పని ఆ కంపెనీదే. ఈ కాగితం అక్కడ చదివిన సాయంత్రానికి బజారంతా చదివినట్టే. భార్య వైపు చూశాడు. ఆవిడ వీధివైపు చూస్తోంది.

కంటి సంగతి రాసి, కింద సంతకం పెట్టాడు. అమ్మాయి సిరా ఆరేదాకా కాగితాన్ని గాలికి ఊపి, నాలుగు మడతలు పెట్టి లోపలికెళ్లి తలుపేసుకుంది.