పదిహేడో స్టెప్

మా ఆయన లక్ష్మీపతికి రెండు ఉద్యోగాలు. మొదటిది శాంటాక్లారాలో. పొద్దున్నే ఫ్రీమాంట్ స్టేషన్‌లో ట్రైన్ ఎక్కితే, సాయంత్రం ఏడింటికి దిగుతారు. రెండోది ఎవరూ ఇవ్వలేదు, ఆయనే తగిలించుకున్నారు. పాతబడ్డ కంప్యూటర్లలో వేసుకునే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటుంది. దాన్ని ఎలా ఇన్‌స్టాల్ చేయాలో చెప్పే గైడ్ రాసేది ఈయనే. 2001లో ‘ఒక్క నెల’ అని మొదలుపెట్టారు. ఏడేళ్లయింది. గరాజ్‌లో పదకొండు ముసలి కంప్యూటర్లున్నాయి. కారు వానలో నానుతుంది.

నేను పంటి డాక్టరు ఆఫీసులో రిసెప్షనిస్టుని. కంప్యూటర్ల సంగతి నాకు అంతంత మాత్రం. ఆయనకి కావలసిందీ అదే. కొత్త వర్షన్ వచ్చినప్పుడల్లా నన్ను గరాజ్‌లో కూర్చోబెడతారు. నేను గైడ్ పైకి చదువుతూ, అందులో ఉన్నది ఉన్నట్టు చేయాలి. ఆయన నోరు మెదపకూడదు. నేను ఎక్కడ ఆగితే అక్కడ నోట్ చేసుకుంటారు.

“నువ్వు తికమకపడితే తప్పు నీది కాదు గిరిజా, పేజీది” అంటారు.

తప్పు నాది కానిది మా కాపురంలో ఆ ఒక్క చోటే. అందుకే విసుక్కుంటూనైనా కూర్చునేదాన్ని.

అందులో పదిహేడో స్టెప్ నాకు కంఠతా వచ్చు. ‘పాత కంప్యూటర్‌లో రెండు డిస్కులుంటే ఇన్‌స్టాలర్ వాటి వరస మార్చి చూపించవచ్చు. వరస నమ్మవద్దు. సైజు చూసి ఎంచుకోండి. తప్పు డిస్కు ఎంచుకుంటే అందులోనివన్నీ పోతాయి.’ బ్రెజిల్ నుంచి ఒక స్కూలు టీచరు, పిల్లల పాఠాలన్నీ పోయాయని రాసినప్పుడు చేర్చారది. అప్పుడు ఈయన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

2008 అక్టోబరులో లైబ్రరీ హాల్లో క్యాంప్ పెట్టారు. పాత కంప్యూటర్ ఎవరు తెచ్చినా ఇన్‌స్టాల్ చేసి ఇవ్వడం. వరసగా మూడో శనివారం. ఆ మధ్యాహ్నం, మాకు దగ్గరి ఊరే అయిన డబ్లిన్‌లో మా స్నేహితురాలు చంద్రిక గృహప్రవేశం భోజనానికి వస్తామని మాటిచ్చాం. పన్నెండైంది. పన్నెండున్నరైంది. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి, నా ఓపిక అడుగంటింది. అప్పుడొచ్చారు జానకీదేవిగారు, కంప్యూటర్‌ని బండి మీద తోయించుకుంటూ.

ముప్పై ఏళ్లు ఇక్కడ డాక్టరుగా చేసి రిటైరయ్యారావిడ. మన పెద్దవాళ్లు ఆస్పత్రికొచ్చి నొప్పిని ఏ మాటతో చెబుతారో పదకొండేళ్లుగా రాసిపెట్టుకుంటున్నారు. సలుపు, పోటు, తీపు, గుంజు, లాగుడు. అది ఏ జిల్లా మనిషి మాట, చివరికి తేలిన జబ్బేమిటి, అన్నీ. పధ్నాలుగు వందల మాటలు. ఆస్పత్రుల్లో మనవాళ్ల మాట ఇంగ్లీషులో చెప్పిపెట్టేవాళ్లకి పుస్తకంగా ఇవ్వాలని ఆవిడ కోరిక.

“అంతా రెండో డిస్కులో ఉంది నాయనా. వేరే కాపీ లేదు. దాన్ని మాత్రం ముట్టుకోకు.”

“ముట్టుకోనండి డాక్టరుగారూ.”

ఆయన గైడ్ పేజీ తీయలేదు. నేను చూశాను. ఆ క్యాంప్‌లో అందరికీ పేజీ పక్కన పెట్టుకోమని చెప్పిన మనిషి, తన వంతొచ్చేసరికి చేతి అలవాటు కొద్దీ ఎంటర్ మీద ఎంటర్ కొడుతున్నారు. నోరు తెరిచాను. అడిగితే పేజీ తీసి పది నిమిషాలు ఆవిడకి పాఠం చెబుతారని, ఇంకా ఆలస్యమవుతుందని తోచింది. మూసేశాను. దీపం కింద చీకటంటే ఇదే. ఆ చీకట్లో నేనూ ఉన్నాను.

చెరిగిపోయింది ఆవిడ మాటలున్న రెండో డిస్కే. దాని మీద మూడు వారాలు కుస్తీ పట్టారాయన. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ముక్కలు తప్ప మాటలు దొరకలేదు. ఆ తర్వాత గైడ్ ఇంకెవరైనా చూసుకోండని ఆ సిస్టమ్ తయారుచేసేవాళ్లందరికీ మెయిల్ పెట్టారు. ఏడేళ్లుగా నేను కోరుకున్నదదే. తీరా జరిగితే అన్నం సయించలేదు నాకు.

నవంబరులో జానకీదేవిగారే మా ఇంటికి వచ్చారు. కంప్యూటర్ కూడా తెచ్చారు.

“గుర్తున్నంత వరకు మళ్లీ రాస్తాను. రెండు వందలు వస్తాయేమో. ముందు దీన్ని సరిగ్గా ఇన్‌స్టాల్ చేసి పెట్టండి.”

“నా చేత్తో వద్దండి” అన్నారాయన.

“నీ చెయ్యే కావాలి. ఈసారి పేజీ చూసి చెయ్యి. అమ్మాయ్, నువ్వు చదువు.”

గరాజ్‌లో ముగ్గురం కూర్చున్నాం. నేను చదివాను, ఆయన చేశారు. పదిహేడు దగ్గర చదవడం ఆపేశాను. ఆయన కీబోర్డు మీంచి చెయ్యి తీసి ఆగారు. నేను ఆగితే ఆయన నోరు మెదపకూడదు కదా, మెదపలేదు.

“ఆ రోజు మీరు పేజీ తీయకపోవడం చూశాను. భోజనానికి ఆలస్యమవుతుందని చెప్పలేదు” అన్నాను, ఇద్దరి వైపూ చూడకుండా.

డాక్టరుగారు చేతిలోని పెన్ను మూత పెట్టి, మళ్లీ తీశారు.

“నాకు తెలుసు. నువ్వు నోరు తెరిచి మూయడం స్క్రీన్ అద్దంలో కనబడింది” అన్నారాయన. “చూసి కూడా నేను ఆగలేదు. మనకి భోజనానికి టైమవుతోందని.”

నెల రోజులుగా ఇద్దరం ఒకే బరువు విడివిడిగా మోశామన్నమాట. ఏడవడానికి కూడా ఓపిక లేదు నాకు.

“ఎక్కడుంది నొప్పి?” అన్నారు జానకీదేవిగారు. ఎవరిని అడిగారో తెలియలేదు. ఆయన తన భుజం పట్టుకున్నారు.

“ఇక్కడండీ. సలుపు కాదు, పోటు కాదు. దించుకోవడానికి చోటు లేనట్టుంటుంది.”

“మీది ఏ జిల్లా?”

“గుంటూరండి.”

ఆవిడ కొత్త నోట్‌బుక్‌లో ఒకటో నంబరు వేసి, ఆయన అన్నది అన్నట్టే రాసుకున్నారు. జబ్బు పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేశారు.

“కానివ్వండి” అన్నారు.

నేను పదిహేడో స్టెప్ మొదటినుంచి చదివాను. ఆయన రెండు డిస్కుల సైజులూ పైకి చెప్పి, నేను ‘ఊఁ’ అనేదాకా ఎంటర్ నొక్కలేదు.