పద్నాలుగు నెలలు పనిచేసిన ఫ్రీజర్

కొత్త వస్తువులను చంపి చూడటం భీమారావు ఉద్యోగం. విదేశంలో, కనాటా అనే ఊళ్ళో ఒక టెలికాం కంపెనీ ల్యాబ్‌లో పంతొమ్మిదేళ్ళు అదే చేశాడు. సర్క్యూట్ బోర్డులను వేడి పెట్టెల్లో ఉడకబెట్టి, చలి పెట్టెల్లో గడ్డకట్టించి, రోజుకు వెయ్యిసార్లు ఆన్ చేసి ఆపి, ఏది ఎన్నాళ్ళు బతుకుతుందో రిపోర్టు రాసేవాడు. "పదేళ్ళు ఉండాల్సింది పది నెలలకే పోయిందంటే ఎక్కడో ఎవడో తప్పు చేసే ఉంటాడు. వాణ్ణి పట్టుకోవడమే మన పని" అని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేవాడు.

2024 ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున అతన్ని పై అంతస్తులో మీటింగ్ రూముకి పిలిచారు. పావుగంటలో అయిపోయింది. బ్యాడ్జి అక్కడే తీసేసుకున్నారు. మళ్ళీ ల్యాబ్‌లోకి వెళ్ళడానికి వీల్లేదన్నారు. కోటు ల్యాబ్‌లో కుర్చీకే ఉండిపోయింది. బయట మైనస్ ఇరవై రెండు. చొక్కాతోనే పార్కింగ్ దాకా నడిచి, కారు స్టార్ట్ చేసి, అద్దం మీద మంచు కరిగేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రం ఆ కోటు తెచ్చి ఇచ్చినవాడు విశ్వనాథం. ల్యాబ్‌కి లీడ్ అతనే. భీమారావు కన్నా మూడేళ్ళు పెద్ద. మొదట్లో ఒకరినొకరు 'గారు' అనుకున్నా, రెండేళ్ళు తిరక్కుండానే 'విశ్వం', 'భీమా' అయిపోయారు. కోటు సోఫా మీద పెట్టి, ఇచ్చిన కాఫీ సగం తాగి, "ఏం చెప్పాలో తెలీట్లేదు భీమా" అన్నాడు విశ్వనాథం.

"నువ్వు మాత్రం ఏం చేస్తావులే" అన్నాడు భీమారావు.

భీమారావు భార్య ఝాన్సీలక్ష్మి ఆసుపత్రిలో రక్త పరీక్షలు చేస్తుంది. పొద్దున్నే ఆరింటికి వెళ్ళిపోతుంది. కూతురు ధరణి ఎడ్మంటన్‌లో చదువుకుంటోంది. ఇంట్లో ఒక్కడే మిగిలిన భీమారావు మొదటి నెలంతా ఉద్యోగాలకు అప్లై చేశాడు. రెండో నెల సగం నుంచీ లాప్‌టాప్ తెరవడం మానేశాడు. ఝాన్సీ తిరిగి వచ్చేసరికి, పొద్దున ఏ కుర్చీలో వదిలి వెళ్ళిందో అదే కుర్చీలో ఉండేవాడు. గిన్నెలో పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది. "డాడ్, ఆర్ యూ ఈటింగ్?" అని ధరణి ఫోన్లో అడిగితే, తిన్నానమ్మా అనేవాడు.

మే నెలలో ఒక శనివారం విశ్వనాథం అద్దె ట్రక్కు వేసుకుని వచ్చాడు. వెనక కొత్త చెస్ట్ ఫ్రీజర్, మూత పైకి తెరుచుకునే భోషాణం లాంటిది.

"ఇదెందుకు విశ్వం?"

"నీ బీరుకి."

భీమారావుకి ఇంట్లో బీరు కాచే సరదా అయిదారేళ్ళుగా ఉంది. బేస్‌మెంట్‌లో పులియబెట్టి, సీసాల్లో నింపి, నెలకో రెండు నెలలకో ఎవరైనా వస్తే ఇచ్చేవాడు. ఉద్యోగం పోయాక అదీ మానేశాడు.

"సీసాలు కడిగి కడిగి నడుం పోయిందన్నావుగా. దీంట్లో కెగ్గులు పెట్టి, పైన ట్యాపులు బిగిద్దాం. తిప్పితే గ్లాసులో పడాలి. లే, పట్టు అటువైపు" అన్నాడు విశ్వనాథం.

రెండు వారాంతాలు పట్టింది. మూత విప్పి, దాని కింద పైన్ చెక్కతో జానెడు ఎత్తు చట్రం కట్టారు. చట్రానికి నాలుగు ట్యాపులు. లోపల పంతొమ్మిదేసి లీటర్ల కెగ్గులు, అంటే స్టీలు పీపాలు, నాలుగు, మూలన గ్యాసు సిలిండరు. ఫ్రీజర్ తన మానాన తాను నడిస్తే మైనస్ పద్దెనిమిదికి పోతుంది. బీరుకి కావాల్సింది నాలుగు డిగ్రీలు. అందుకని మధ్యలో ఒక చిన్న కంట్రోలర్ డబ్బా పెట్టారు. లోపల వేడెక్కితే అది మోటారుకి కరెంటు ఇస్తుంది, చల్లబడగానే తీసేస్తుంది.

దాని అంకెలు నొక్కింది విశ్వనాథమే. "రెండు డిగ్రీల తేడా వస్తేనే ఆన్ కావాలి. ఒకసారి ఆగాక పది నిమిషాలు మళ్ళీ లేవకూడదు. ఊరికే ఆన్, ఆఫ్ అవుతుంటే మోటారు చచ్చిపోతుంది."

"నాకు చెప్తున్నావా!" అని నవ్వాడు భీమారావు. మూడు నెలల్లో అదే మొదటి నవ్వు.

జూన్ నుంచి శనివారం నాలుగింటికల్లా జనం రావడం మొదలైంది. విశ్వనాథం, ల్యాబ్‌లో పాత స్నేహితులు ముగ్గురు, అక్కడే పనిచేసే కుర్రాడు దీక్షిత్. దీక్షిత్‌ది వరంగల్. ముప్పై దాటి ఏడాదో రెండేళ్ళో. వర్క్ పర్మిట్ మీద ఉన్నాడు, ఇక్కడే స్థిరపడేందుకు పీఆర్‌కి అప్లై చేసుకున్నాడు. భార్య స్నేహకి అప్పుడు ఏడో నెల. అందరికన్నా ముందొచ్చి, అందరికన్నా చివర్న లేచేవాడు. గ్లాసులు కడిగి బోర్లించి గాని వెళ్ళేవాడు కాదు.

భీమారావు మనిషయ్యాడు. సోమవారం మాల్ట్, అంటే మొలకల బార్లీ, మర పట్టడం, మంగళవారం కాచడం, తర్వాత ఈస్ట్ పని ఈస్ట్ చేస్తుంటే రోజుకు నాలుగుసార్లు కిందికి దిగి బుడగల చప్పుడు వినడం. ధనియాలు దోరగా వేయించి, నారింజ తొక్క వేసి ఒక తెల్ల బీరు చేశాడు. దానికి పేరొచ్చింది. "తాగేవాళ్ళకి పకోడీలు వేసిపెట్టే రోజొస్తుందని అనుకోలేదు" అంటూనే ఝాన్సీ ప్రతి శనివారం బాణలి పెట్టేది. ఆయన మళ్ళీ పళ్ళెం ఖాళీ చేస్తున్నాడు. ఆమెకు అంతకన్నా అక్కర్లేదు.

2025 జులైలో విశ్వనాథానికి అరవై నిండుతాయి. పొద్దున గుళ్ళో పూజ, సాయంత్రం భీమారావు పెరట్లో విందు అనుకున్నారు. బీరంతా నాదేనన్నాడు భీమారావు. రెండు నెలలు కూర్చుని నాలుగు రకాలు తయారుచేశాడు. నాలుగు కెగ్గులూ నింపి ఫ్రీజర్లో పెట్టాడు.

ఆ వారమే నాలుగున్నర గంటల దూరంలో ఉన్న మార్కమ్ ఊరి నుంచి ఒక ఇంటర్వ్యూ వచ్చింది. పదిహేడు నెలల్లో నేరుగా రమ్మన్న మొదటి కంపెనీ. బుధవారం డ్రైవ్ చేసుకుని వెళ్ళి, ఝాన్సీ వాళ్ళ పిన్నిగారింట్లో దిగాడు. గురువారం రెండు గంటల ఇంటర్వ్యూ అన్నారు. ఇరవై అయిదు నిమిషాల్లోనే ప్రశ్నలడిగే ముగ్గురూ లేచి, ఏ సంగతీ తర్వాత చెప్తామని చేతులు కలిపారు. శుక్రవారం పన్నెండింటికి ఇంటికి చేరి, బూట్లు కూడా విప్పకుండా కిందికి దిగాడు.

మెట్ల మీదుండగానే కాలిన వాసన వేసింది. మూత సరిగ్గా పడిలేదు. ఎత్తి చూస్తే లోపలంతా తెల్లటి మంచు. కెగ్గుల అడుగులు ఉబ్బి వంకరపోయాయి. మూతల పక్కనుంచి బీరు పొంగి, బంగారు రంగు గడ్డలుగా బిగుసుకుంది. గొట్టాలు చీలాయి. ఒక ట్యాపు నిలువునా పగిలింది. కంట్రోలర్ ఆపడం మరిచిపోతే మోటారు రెండు రోజులకు పైగా ఊపిరి తీసుకోకుండా తిరిగినట్టుంది. వెనక చెయ్యి పెడితే చురుక్కుమంది. ప్లగ్గు పీకి, అరగంట ఆగి మళ్ళీ పెట్టాడు. గుర్రుమని మూలిగి, టక్కుమని ఆగిపోయింది. అంతే, మళ్ళీ లేవలేదు.

ఫోన్ చేయగానే విశ్వనాథం ఆఫీసు నుంచి వచ్చేశాడు. మోకాళ్ళ మీద కూర్చుని కంట్రోలర్ డబ్బా విప్పాడు. లోపల స్విచ్చు కాలి అతుక్కుపోయింది. ఇద్దరూ ల్యాబ్‌లో అలాంటివి వందలు చూసినవాళ్ళే. విశ్వనాథం మీటలు నొక్కి అంకెలు చూశాడు.

"తేడా అర డిగ్రీ. డిలే ఒక్క నిమిషం. మాటిమాటికీ ఆన్, ఆఫ్ అయి స్విచ్చు ఆన్‌లోనే అతుక్కుపోయింది."

"నువ్వు పెట్టిందేగా" అన్నాడు భీమారావు.

"నేను రెండు డిగ్రీలు పెట్టాను భీమా. పది నిమిషాలు."

"నేను దాని జోలికే పోలేదు."

"సరే, ఎవరు పెడితే ఏం? అయిపోయింది. రేపటి విందుకి బయట కొనుక్కుందాంలే."

"ఎవరు పెడితే ఏమా?" భీమారావు గొంతు లేచింది. ఆ ఇరవై అయిదు నిమిషాలు, నాలుగున్నర గంటల హైవే, వంకరపోయిన కెగ్గులు అన్నీ ఆ గొంతులో ఉన్నాయి. "నీకిది మొదట్నుంచీ అలవాటే విశ్వం. ల్యాబ్‌లోనూ ఇంతే. తప్పు ఎవడిదైనా చివరికి నా పేరు రాసి ఇచ్చేస్తావు."

ఏదో రిపోర్టు సంగతి మనసులో పెట్టుకుని అన్న మాట అది. కానీ విశ్వనాథం చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు.

"ఏది ఎవరు చెప్పారు?"

విశ్వనాథం తలెత్తి చూశాడు. తానే నోరుజారానని అప్పటికి అర్థమైంది. ఇక దాచలేక, నేల మీదే చతికిలబడి చెప్పాడు. "తీసెయ్యడానికి ఒక్క పేరు ఇమ్మన్నారు. నువ్వో, దీక్షితో. వాడికి పర్మిట్ కంపెనీ మీదే ఉంది. ఉద్యోగం పోతే దేశం వదిలి పోవాలి. కడుపుతో ఉన్న పిల్ల. నీకు సిటిజన్‌షిప్ ఉంది, ఝాన్సీ సంపాదన ఉంది. నువ్వు తట్టుకుంటావనుకున్నాను."

భీమారావు ఎత్తి ఉన్న ఫ్రీజరు మూత దించాడు.

"దీక్షిత్‌కి తెలుసా?"

"తెలుసు."

"మిగతావాళ్ళకి?"

విశ్వనాథం తల ఊపి, విప్పిన స్క్రూలు ఏరడం మొదలుపెట్టాడు.

"అయితే ఈ ఫ్రీజరు..."

"ఏదో ఒకటి చెయ్యకపోతే నిద్రపట్టేది కాదు భీమా."

"శనివారాలు?"

"మొదట్లో నేనే రమ్మని బతిమాలాను. తర్వాత వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. నిజం చెప్తున్నాను."

భీమారావు మెట్ల వైపు చెయ్యి చూపించాడు. "మీరు వెళ్ళండి విశ్వనాథం గారూ."

ఆ మధ్యాహ్నం ఒక్కడే నాలుగు కెగ్గులూ పెరట్లోకి మోశాడు. ఎండకి కరగనిచ్చి, తెల్ల బీరు గ్లాసులో వంచుకుని చూశాడు. నురగ లేదు. నీళ్ళ మీద ఏదో చేదు తేలినట్టుంది. నాలుగూ గడ్డిలో పారబోశాడు. ఝాన్సీ వచ్చేసరికి పెరడంతా పులిసిన వాసన, ఈగలు, మధ్యలో తడి చొక్కాతో ఆయన.

"ఏమైందండీ?"

"ఫ్రీజరు పోయింది."

మర్నాడు పూజకి గుడికి ఆమె ఒక్కతే వెళ్ళింది. సాయంత్రం పెరట్లో విందు జరగలేదు. జరిగింది ఆమెకు చెప్పడానికి భీమారావుకి పది రోజులు పట్టింది. అంతా విని, "ఎందుకొస్తేనేం, వచ్చారు కదా. ఆ ఏడాది మీరు తిన్నారు, నిద్రపోయారు. నాకది చాలండీ" అంది ఝాన్సీ.

"జాలిపడి వచ్చినవాళ్ళకి నేను మురిసిపోతూ గ్లాసులు నింపాను ఝాన్సీ" అన్నాడు.

విశ్వనాథం ఫోన్లు చేశాడు, భీమారావు తీయలేదు. శనివారాలు గుమ్మంలో చెప్పులు లేవు. దీక్షిత్ ఒక పొడుగాటి మెసేజ్ పెట్టాడు. మొదటి వాక్యం చదివి ఫోన్ బోర్లించాడు.

ఆగస్టులో ఏమీ తోచక చచ్చిన మోటారు విప్పుతూ కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది. జనవరిలో ఒక శనివారం దీక్షిత్ రెండో గ్లాసు తాగుతూ, "అన్నా, ఇది మొదటి దానంత సల్లగా లేదు కదా" అన్నాడు. మర్నాడు తానే కిందికి దిగి, ఎక్కడా అర డిగ్రీ తేడా రాకూడదని ఆ అంకెలు మార్చాడు. ఆ రోజంతా మోటారు నిమిషానికోసారి లేచి ఆగుతుంటే, నా మాట ఎంత బాగా వింటోందో అనుకున్నాడు. ఏ కుర్రవాడైనా ల్యాబ్‌లో ఆ పని చేసి ఉంటే చీవాట్లు పెట్టేవాడు. రిపోర్టులో ఏం రాయాలో, ఎవరి పేరు రాయాలో అతనికి కంఠతా వచ్చు. చేతులు నల్లటి నూనెతో అలాగే ఉంచుకుని, చీకటి పడేదాకా ఆ సిమెంటు నేల మీదే కూర్చుండిపోయాడు.

అక్టోబరులో ఒక ఆదివారం విశ్వనాథం ఇంటికి వెళ్ళాడు. విశ్వనాథం భార్య అన్నపూర్ణ తలుపు తీసి, "రండి అన్నయ్యగారూ" అంది. లోపలికి వెళ్ళి టీ పెట్టింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"అంకెలు మార్చింది నేనే" అన్నాడు భీమారావు. "అది చెప్పి పోదామని వచ్చాను."

"నాకు తెలుసు. నేను పెట్టింది నాకు గుర్తుండదా?"

"మరి ఆ రోజు గట్టిగా ఎందుకు అనలేదు?"

"నీ దగ్గర గట్టిగా మాట్లాడే మొహం నాకెక్కడిది భీమా?"

టీ అయిపోయింది. గుమ్మం దాకా వచ్చి విశ్వనాథం అడిగాడు. "ఎప్పుడైనా ఓ శనివారం రానా? ఊరికే. బీరు లేకపోయినా."

భీమారావు బూట్లు వేసుకుంటూ ఆలోచించాడు. కోపం ఉందేమోనని లోపల వెతుక్కున్నాడు. కోపం కూడా దొరకలేదు. "వద్దులెండి" అన్నాడు.

మొదటి మంచు పడకముందే ఇద్దరు మనుషులు వచ్చి, గ్యాసు సిలిండరు తీసి, ఫ్రీజర్‌ని పట్టుకుపోయారు. భీమారావు మాల్ట్ సంచులు ఎవరికో ఇచ్చేశాడు. ఉద్యోగాల సంగతి ఝాన్సీ అడగడం మానేసింది. బట్టలు ఉతికే మిషను కిందే ఉంటుంది కాబట్టి ఇప్పుడు బేస్‌మెంట్‌కి దిగేది ఆమె ఒక్కతే.

డిసెంబరులో ఇద్దరూ ఇండియన్ షాపుకి వెళ్ళారు. ఝాన్సీ బెండకాయలు ఏరుతోంది. బియ్యం సంచుల వరస దగ్గర భీమారావుకి దీక్షిత్ ఎదురయ్యాడు. చంకలో కూతురు. పక్కకి తప్పుకునే చోటు ఇద్దరికీ లేకపోయింది.

"అన్నా" అన్నాడు దీక్షిత్. తర్వాత ఏమనాలో తోచక పాపను ఇటు చంకలోంచి అటు మార్చుకున్నాడు.

"పాప నడుస్తోందా?" అని అడిగాడు భీమారావు.

"నడుస్తోంది అన్నా. మొన్న పీఆర్ కూడా వచ్చింది." అనేశాక అతని మొహం ఎర్రబడింది. కళ్ళు దించేసుకున్నాడు.

"మంచిది" అన్నాడు భీమారావు. ఇంకో మంచి మాట చెప్పాలనుకున్నాడు. పాప బుగ్గ తాకాలనీ అనిపించింది. చెయ్యి లేవలేదు. పది కిలోల సంచి ఒకటి ఎత్తి బండిలో వేసుకుని ముందుకు నెట్టాడు.

కారులో సామాన్లు సర్దుతూ ఝాన్సీ అడిగింది. "లోపల ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వినిపించింది, ఎవరండీ?"

"ఎవరో, ఒకప్పుడు తెలిసినవాళ్ళు" అన్నాడు.